పక్కింటి గేదె అరిచిన తేదీలు

ప్రశ్న: మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరు. హైదరాబాదులో ముప్పై ఏళ్లు ఉపాధ్యాయురాలిగా పనిచేసి, రెండేళ్ల క్రితం మా వారితో కలిసి సొంత ఊరికి వచ్చేశాను. అత్తగారి పాత పెంకుటిల్లు తీయించి కొత్త ఇల్లు కట్టుకున్నాం. మా వారికి గుండె ఆపరేషన్ అయింది, నిద్ర చెడకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. మా పడకగది కిటికీకి పన్నెండు అడుగుల దూరంలో పక్కింటివారి పశువుల పాక ఉంది. మూడు గేదెలు, గోడ వారగా వరసగా కట్టేసిన ఆరు పందెం పుంజులు. పుంజులు రాత్రి మూడు గంటలకే కూత మొదలుపెడతాయి. ఒక గేదె అయితే కొన్ని రాత్రులు తెల్లవార్లూ అరుస్తుంది. దసరాకు ముందు దూడ చనిపోయిందని, ఆ బెంగతోనే అరుస్తోందని వాళ్లావిడ చెప్పింది. పోలీసులకు చూపించడానికి నేను తేదీలు రాసి పెట్టాను: నవంబరు 4, 5, నవంబరు 25, 26, డిసెంబరు 16. దొంగల భయానికి మేము గోడ మీద, ఏదైనా కదలగానే వెలిగే పెద్ద దీపం కూడా పెట్టించుకున్నాం. పక్కింటాయన నాకు వరసకు మరిది. ఒకరోజు మూడున్నరకు లేచి వెళ్లి అడిగితే, "మేము తాతల నాటి నుంచి ఇక్కడే గొడ్లు కట్టుకుంటున్నాం, గిట్టకపోతే మళ్లీ హైదరాబాదు వెళ్లండి వదినా" అన్నాడు. తరవాతి వారం పోలీసులకు ఫోను చేశాను. ఒక కానిస్టేబుల్ వచ్చి చూసి వెళ్లాడు. ఆ రోజు నుంచి మాకు పాలు పోయడం మానేశారు, మాటలూ లేవు. లాయరు నోటీసు పంపుదామని మా అబ్బాయి అంటున్నాడు. ఊళ్లో ఒకతను "మేతలో ఏదైనా కలిపితే సరిపోతుంది" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు జలదరించింది. చట్టంలో దారి ఏమైనా ఉందా? అసలు తప్పు నాదేనా?

సమాధానం: అమ్మా, ముందుగా మీ చివరి మాటకు జవాబు చెబుతాను. నిద్ర కావాలనుకోవడం తప్పు కాదు. గుండె ఆపరేషన్ అయిన మనిషికి నిద్ర కూడా మందే. పల్లెటూరు అన్నాక కోళ్లు కూయవా, గొడ్లు అరవవా అని మిమ్మల్ని చులకన చేసేవాళ్లు ఉంటారు. వాళ్ల మాట మనసులో పెట్టుకోకండి. వెళ్లిన వేళ మాత్రం తప్పు. నిద్ర మధ్యలో లేచి కోపంతో గడప తొక్కితే ఎంత న్యాయమైన మాటైనా తగవుగానే వినిపిస్తుంది.

నేను పశువైద్యుడిగా ఉద్యోగ జీవితమంతా పల్లెల్లోనే గడిపాను. అందువల్ల మీ ఉత్తరం చదువుతుంటే తగవు కంటే ముందు మీరు రాసిన తేదీలు నన్ను పట్టుకున్నాయి. క్యాలెండరు తీసి లెక్కపెట్టండి. నవంబరు 4 నుంచి 25కు ఇరవై ఒక్క రోజులు. నవంబరు 25 నుంచి డిసెంబరు 16కు మళ్లీ ఇరవై ఒక్క రోజులు. గేదె ఎదకు, అంటే చూలు కట్టడానికి సిద్ధమయ్యే దశకు, వచ్చే చక్రం కూడా సుమారుగా ఇరవై ఒక్క రోజులే.

దూడ పోయిన తల్లి అరుపు ఇలా ఉండదు. దూడను వేరు చేసినా, దూడ చనిపోయినా తల్లి పగలూ రాత్రీ అరుస్తుంది, పాలు చేపదు, మేత ముట్టదు. అది మూడు నాలుగు రోజులు తీవ్రంగా ఉండి క్రమంగా తగ్గుతుంది. మూడు వారాలు నెమ్మదిగా ఉండి, ఒకటి రెండు రాత్రులు గొంతు చించుకుని, మళ్లీ మూడు వారాలు ఊరుకునే బెంగను నేను ఏ పశువులోనూ చూడలేదు. ఆ గేదె ఎదకు వస్తోంది, ఎవరూ గమనించడం లేదు, మళ్లీ వస్తోంది. పశువును చూడకుండా తేదీలను బట్టి చెబుతున్నాను కాబట్టి దగ్గరలోని పశువైద్యుడు పరీక్ష చేయాల్సిందే. అండాశయంలో నీటితిత్తులు ఉన్నా పశువు అతిగా అరవవచ్చు, కానీ అప్పుడు తేదీలు ఇంత క్రమంగా రావు.

తాతల నాటి నుంచి గేదెలను మేపుతున్న రైతుకు ఈ మాత్రం తెలియదా అని మీకు అనిపించవచ్చు. ఆవుకు ఎద వస్తే వీధంతా తెలుస్తుంది. గేదెలో అలా కాదు. చాలా గేదెలు పైకి గుర్తులు సరిగా కనిపించని మూగ ఎదలోనే గడిపేస్తాయి. పైకి కనిపించే లక్షణాలు కూడా ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున బయటపడి, ఎండ ఎక్కేసరికి సర్దుకుంటాయి. మీ మరిది ఉదయం పాకలోకి వచ్చేసరికి అది మామూలుగా నెమరు వేస్తూ కనిపిస్తుంది. పైగా ఇంటిల్లిపాదీ దూడ బెంగ అని నమ్మిన తరవాత ఇంకో కారణం వెతికేవారు ఎవరు? ఆయన పడుకునేది పాకకు ఎంత దూరంలోనో మీరు రాయలేదు. మీరు మాత్రం పన్నెండు అడుగుల దూరంలో మేలుకుని వింటున్నారు.

పాడి రైతుకు ఒక ఎద తప్పిపోయిందంటే మూడు వారాల మేత ఖర్చు నెత్తిన పడ్డట్టే. గేదె చూడితో ఉండేది దాదాపు పది నెలలు. అది చూలు కట్టడం ఎంత ఆలస్యమైతే వట్టిపోయి నిలబడే కాలం అంత పెరుగుతుంది. మీ లెక్కలో ఇప్పటికే మూడు ఎదలు వృథాగా పోయాయి. ఆయనకు జరుగుతున్న నష్టం ఆయనకే తెలియదు. తెలిసింది మీకు, అదీ పోలీసులకు చూపించడానికి రాసుకున్న పుస్తకం వల్ల. ఆ పుస్తకం పట్టుకుని పక్కింటికి వెళ్లండి. ఈ ఉత్తరానికి నేనిచ్చే అసలు సలహా ఇదే.

లెక్క ప్రకారం వచ్చే ఎద జనవరి 6న గానీ, దానికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా గానీ రావాలి. జనవరి 4 సాయంత్రం నుంచే ఆ గేదె మీద కన్ను వేయమని చెప్పండి. మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, తోక పక్కకు పెట్టడం, మానం ఉబ్బి అద్దంలాంటి జిగురు తీగలుగా సాగడం, మేత మీద ధ్యాస తగ్గడం, ఇవన్నీ ఆయనకు తెలిసిన గుర్తులే, ఏ రోజు చూడాలన్నదే తెలియాలి. సాయంత్రం ఎద కనిపిస్తే మర్నాడు ఉదయం, ఉదయం కనిపిస్తే ఆ సాయంత్రం కృత్రిమ గర్భధారణ చేయించాలి. ఊళ్లలో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రకు గానీ, మీ ఊరి రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి గానీ ముందు రోజే చెప్పి పెట్టుకుంటే మంచిది. సంచార పశువైద్య వాహనం కావాలంటే 1962కు ఫోను చేయవచ్చు. చూలు నిలిస్తే ఎద ఆగిపోతుంది, దానితో పాటే ఆ అరుపూ ఆగుతుంది.

ఇక పుంజుల సంగతి. ఇది గేదె సంగతి కంటే చిక్కైనది, ఇందులో మీ వైపు నుంచీ కొంత ఉంది.

పుంజు వెలుగును చూసి కూస్తుందని చాలామంది అనుకుంటారు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పుంజులను రోజంతా మసక వెలుతురులో ఉంచినా అవి తమ లోపలి గడియారాన్ని బట్టి వేళకే కూశాయి. మామూలు రోజుల్లో వెలుగు రావడానికి సుమారు రెండు గంటల ముందే మొదలుపెట్టాయి. తొలికోడి, మలికోడి అంటూ మన పెద్దలు కాలం కొలుచుకోగలిగింది అందుకే. అయితే అదే అధ్యయనంలో ఇంకో విషయం కూడా తేలింది. హఠాత్తుగా దీపం పడినా, ఇంకో పుంజు కూత వినిపించినా పుంజు కూస్తుంది, తెల్లవారుజాము దగ్గరపడే కొద్దీ ఆ స్పందన ఇంకా ఎక్కువగా ఉంటుంది. ఆ తరవాతి అధ్యయనంలో, కలిసి ఉన్న పుంజుల్లో పెత్తనం చేసేది ముందు కూస్తుందని, మిగతావి స్థాయిని బట్టి దాని వెనకే అందుకుంటాయని గమనించారు.

దీన్ని మీ గోడకు అన్వయించి చూడండి. మన ప్రాంతంలో చలికాలం వెలుగు వచ్చేసరికి ఆరు అవుతుంది. రెండు గంటల ముందంటే నాలుగు. మరి మీ పక్కింటి పుంజులు మూడింటికే ఎందుకు లేస్తున్నాయి? ఏదైనా కదలగానే వెలిగే మీ దీపం మీద నాకు గట్టి అనుమానం ఉంది. గోడ మీద పిల్లి నడిచినా, వీధిలో కుక్క కదిలినా ఆ వెలుగు నేరుగా ఆరు పుంజుల ముఖాన పడుతుంది. ఒకటి లేస్తే ఐదూ అందుకుంటాయి. ఆ దీపాన్ని ఈ రోజే మీ వాకిలి వైపు తిప్పించండి, లేదా పైన రేకు కప్పు పెట్టించి వెలుగు కిందికి మాత్రమే పడేలా చేయండి. ఎవరి అనుమతీ అక్కరలేని పని ఇది. మాట్లాడటానికి వెళ్లే ముందే ఈ పని చేసి వెళ్తే, అడిగే హక్కు మీకు ఇంకా బలంగా ఉంటుంది.

ఆయన వైపు నుంచి కావలసింది పుంజుల చోటు మార్చడం. శబ్దం ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. పన్నెండు అడుగుల దూరంలోని పుంజును నలభై ఎనిమిది అడుగులకు మారిస్తే పన్నెండు డెసిబెల్స్ తగ్గినట్టు. చెవికి అది సగానికి పైగా తగ్గినట్టే వినిపిస్తుంది. మధ్యలో గడ్డివాము ఉంటే ఇంకా మంచిది. రాత్రిపూట వాటిని గాలి ఆడే, వెలుతురు చొరబడని గూట్లో పెట్టి ఐదున్నరకు వదిలితే బయటి దీపాలకు ఉలిక్కిపడటం తగ్గుతుంది. లోపలి గడియారం మాత్రం ఆగదు, కాబట్టి నాలుగింటి కూత పూర్తిగా పోతుందని ఆశ పెట్టుకోకండి. మెడకు పట్టీ బిగిస్తే కూత ఆగుతుందని చెప్పేవాళ్లు కూడా ఉంటారు. దానివల్ల పక్షికి ఊపిరి అందకపోవచ్చు, ఆ మాట ఆయనకు చెప్పనే చెప్పవద్దు.

పందెం పుంజులు కాబట్టి ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కోళ్లను పోట్లాటకు దించడం నేరం. డబ్బు పెట్టి ఆడటం 1974 నాటి జూద నిరోధక చట్టం కిందికీ వస్తుంది. పుంజును పెంచడం మాత్రం నేరం కాదు. కత్తి దిగిన పుంజులకు సంక్రాంతి సాయంత్రాలు కుట్లు వేసినవాణ్ని నేను. పందెం అంటే నాకు గిట్టదు, ఎవరు అడిగినా ఆ మాటే చెబుతాను. అయినా మీ నిద్ర తగవులో ఆ చట్టాన్ని కర్రలా వాడవద్దంటాను. "పుంజులు జరపకపోతే పందెం కేసు పెట్టిస్తాను" అన్న మాట మీ నోటి నుంచి వస్తే, పుంజూ మారదు, పందెమూ ఆగదు, రెండిళ్ల మధ్య గోడ మాత్రం ఇంకో రెండు వరసలు లేస్తుంది. పందెం మీకు అన్యాయమని తోస్తే ఆ పక్షి కోసం అడగండి, వేరే రోజున, వేరే మాటగా.

ఇక మీరు అడిగిన చట్టం గురించి. దారులు ఉన్నాయి. పంచాయతీకి ఫిర్యాదు చేయవచ్చు. పదిమందికి ఇబ్బంది కలిగించే దాన్ని తొలగించమని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు, అంటే మీ దగ్గర ఆర్డీవో స్థాయి అధికారికి, ఉంది. అయితే అది ప్రజలకు కలిగే ఇబ్బందికి సంబంధించినది. బాధ మీ ఒక్క ఇంటిదే అయితే సివిల్ కోర్టులో నిషేధపు ఉత్తర్వు కోసం దావా వేయాలి, దానికి ఏళ్లు పట్టవచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. కానీ అవి ప్రధానంగా మైకులు, హారన్లు, టపాకాయలు, యంత్రాల వంటివాటి కోసం రాసినవి, గేదె గొంతుకు వాటిని వర్తింపజేయడం తేలిక కాదు. "మేము ముందు నుంచీ ఉన్నాం" అన్న వాదన ఒక్కటే కోర్టులో ఆయనను కాపాడదు. అలాగని కోర్టు దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తుందనీ అనుకోవద్దు.

రెండు సంగతులు చెబుతాను. ఫ్రాన్స్‌లో ఓలెరాన్ అనే దీవిలో మోరిస్ అన్న పుంజు మీద, అక్కడ సెలవులకు ఇల్లు కొనుక్కున్న దంపతులు కేసు వేశారు. 2019 సెప్టెంబరులో కోర్టు పుంజు పక్షాన తీర్పు చెప్పి, కేసు వేసినవారే దాని యజమానురాలికి వెయ్యి యూరోలు చెల్లించాలంది. 2021 జనవరిలో ఆ దేశం పల్లెల శబ్దాలూ వాసనలూ కూడా వారసత్వ సంపదేనని ఏకంగా చట్టమే చేసింది. అదే మన దక్షిణాదిలోనే ఉన్న కేరళలో, పత్తనంతిట్ట జిల్లా అడూరులో, తెల్లవారుజామున మూడింటికి మొదలయ్యే కూతతో నిద్ర పట్టడం లేదని ఒక పెద్దాయన ఆర్డీవోకు ఫిర్యాదు చేశాడు. 2025 ఫిబ్రవరిలో ఆ అధికారి రెండు పక్షాల మాటా విని, స్థలం చూసి, పొరుగింటి పై అంతస్తులో ఉన్న కోళ్ల గూటిని పధ్నాలుగు రోజుల్లో అక్కడి నుంచి మార్చమన్నారు. కోళ్లను తీసేయమనలేదు. మీరు గెలిచినా మీకు దక్కేది అదే, చోటు మార్పు. ఆర్డీవో ఇవ్వగలిగిన దాన్ని మరిది కూడా ఇవ్వగలడు, అదీ పాలు మానకుండా.

మేతలో ఏదో కలపమన్న ఆ మనిషిని మళ్లీ గడప ఎక్కనివ్వకండి. పశువుకు విషం పెట్టడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను కింద ఐదేళ్ల వరకు శిక్ష పడగల నేరం. ఆ గేదెకు రేపు ఏదైనా జబ్బు చేసి చనిపోయినా అనుమానం మీ మీదకే వస్తుంది. మీరు అలాంటి మాట విన్నారని పక్కింటికి తెలియడం కూడా మంచిదే. మీ అత్తింటి పెద్దల్లో ఒకరికి ఆ విషయం చెప్పి ఉంచండి.

ఎలా వెళ్లాలో కూడా చెబుతాను. మీరే వెళ్లండి, మీ వారిని పంపవద్దు, ఆవేశం ఆయనకు మంచిది కాదు. అబ్బాయితో ఫోనులో మాట్లాడించడం అసలే వద్దు. పాలు పితికే వేళ కాకుండా పదిన్నర, పదకొండు గంటలప్పుడు, పొలం పనులు లేని రోజు చూసుకుని, ముందు వాళ్లావిడ దగ్గరికి వెళ్లండి. పోలీసుల మాట మీరే ఎత్తండి. "ఆ రోజు నీతో చెప్పకుండా ఫోను చేశాను, అది నా తొందరపాటు" అనండి. అంతకు మించి సంజాయిషీ అక్కరలేదు. పోలీసులను పిలవడం నేరమేమీ కాదు, కానీ పల్లెలో అది పొరుగువారి పరువుకు తగిలే దెబ్బ, అది మీకూ తెలుసు. తరవాత పుస్తకం తెరిచి తేదీలు చూపించి, దూడ బెంగ కాదేమో, ఒకసారి డాక్టరుకు చూపించమని చెప్పండి. పుంజుల మాట ఆ రోజు ఎత్తవద్దు. గేదె సంగతి తేలాక, ఒక వారం గడిచాక, మీ దీపం తిప్పించిన విషయం చెప్పి, పుంజులను గడ్డివాము అవతలికి మార్చగలరా అని మరిదిని అడగండి. కొత్త గూటికి అయ్యే రేకులు, కర్రల ఖర్చులో సగం మీరు పెట్టుకుంటామనండి. లాయరు నోటీసుకయ్యే డబ్బు కంటే అది ఎక్కువ కాదు. పాలు మళ్లీ పోయమని మీరే అడగండి. మనం అడగడం వాళ్లకూ మర్యాదే.

ఆయన వినకపోవచ్చు. అలాంటి మనుషులూ ఉంటారు. అప్పుడు ఊరి పెద్దలో, సర్పంచో సమక్షంలో ఒకసారి కూర్చోండి. అదీ కుదరకపోతే మండల న్యాయ సేవల కమిటీకి అర్జీ పెట్టండి. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ చేసే ఏర్పాటు కూడా ఉంది. ఆర్డీవో, కోర్టు ఆ తరవాత. అన్నాళ్లూ మీ వారిని పాకకు దూరంగా ఉండే గదిలో పడుకోబెట్టండి. ఇల్లు మీదే, ఏ గదిలో పడుకున్నా ఓడిపోయినట్టు కాదు.

జనవరి 6 తరవాత కూడా పుస్తకం రాయడం మానవద్దు. ఆ రోజుల్లో కృత్రిమ గర్భధారణ జరిగితే, లెక్క ప్రకారం తరవాతి ఎద జనవరి 27న రావాలి. ఆ రాత్రీ, దానికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ ఉన్న రాత్రులూ మీ పుస్తకంలో ఖాళీగా మిగిలితే, చూలు నిలిచిందని ఆశ పడవచ్చు. రెండు నెలలు దాటాక డాక్టరు పరీక్ష చేసి ఖాయం చేస్తారు. ఆ ఖాళీ పేజీ సంగతి మాత్రం ఆ ఇంట్లో అందరికంటే ముందు తెలిసేది మీకే. తెల్లవారాక వెళ్లి మీ మరిదికి మీరే చెప్పండి.